చలిమీద వేసిన కుట్లు

ఓ బోరో! అతుకు మీద అతుకువై, నీలిమందు మడుగులో మునిగి తేలిన పేలికవై, ఏ కుట్టు ఏ తల్లిదో చెప్పలేని మూగదానివై అద్దాల అరలో వెలుగుతున్నావు. నిన్ను చూసి అందమంటున్నారు అందరూ. నాకు మాత్రం వణుకు పుడుతోంది.

జపాన్ ఉత్తరపు కొసన అఒమోరి. మంచు మేటలు వేసే ఆ నేలలో పత్తి పండదు. గాలి దూరే నారబట్టే ఒంటికి దిక్కు. చాలదన్నట్టు 1724లో త్సుగరు సంస్థానం రైతులు నూలుబట్ట కట్టరాదని శాసించింది. మంచు కురిసింది ఒక్క ఆకాశమే కాదు మరి!

ఆ నారకన్నులు పూడ్చాలని ఆడపిల్లలు సూది పట్టారు. నీలిబట్ట మీద తెల్లదారంతో, త్సుగరులో బేసి పోగులు లెక్కించి కోగిన్ కుట్టారు, పక్కనే నంబులో సరి పోగులతో హిషిజాషి కుట్టారు. వెచ్చదనం కోసం మొదలైన లెక్క వజ్రాల వరసలై విరిసింది. లేమి వాళ్ల కంట కళను ఆర్పలేకపోయిందని ఒప్పుకోక తప్పదు.

కానీ బొదొకో మాటేమిటి? దక్షిణాన పట్నవాసులు కట్టి విడిచిన పాతగుడ్డలు కితమాఎబునె ఓడలెక్కి వచ్చేవి. వాటిని జానెడు జానెడుగా కొని, ఇంటి చిరుగులతో కలిపి, పొర మీద పొర పేర్చి కుట్టిన పడకగుడ్డ అది. రాత్రి దానిమీదే నిద్ర, నొప్పులొస్తే దానిమీదే పురుడు. అవ్వ కట్టి అరగదీసిన ముక్క మీదకే మునిమనవడు జారిపడ్డాడు. పైన కప్పుకునేది దొంజా. దూది లేదు గనుక లోపల నారపీచు కూరిన, ఒంటిని అదిమేసే బరువు.

1891లో అఒమోరికి రైలొచ్చింది, నూలు చవకైంది, కోగిన్ సూదులు మూలపడ్డాయి. తర్వాతి తరాలకు నువ్వు సిగ్గుచేటువయ్యావు. పేదరికం వాసన పోవాలని నిన్ను దాచారు, కాల్చారు. ఆ బూడిదలో ఎన్ని అవ్వల శీతాకాలాలు కలిసిపోయాయో!

1960ల నుంచీ జానపద పరిశోధకుడు తనకా చూజాబురో పల్లెపల్లె తిరిగి మిగిలినవి పోగుచేశాడు. 1983లో ఆ కుట్టుబట్టల్లో 786 జాతి సంపదగా గుర్తింపు పొందాయి. 2009లో తోక్యో అసకుసాలో నీకో ప్రదర్శనశాల వెలిసింది, 2019లో మూతపడింది.

ఇప్పుడు చిరగని బట్టను పనిగట్టుకుని చింపి, లేని అరుగుదలను మరతో అద్ది నీ పేరుతో అమ్ముతున్నారు. నిన్ను వేలం పాడేవారు రంగు అడుగుతారు, వయసు అడుగుతారు. నిన్ను కుట్టిన ఆడమనిషి పేరు ఏ చీటీమీదా ఉండదు. ఆమె మాత్రం నిన్ను గోడకు వేలాడదీయమని కుట్టలేదు. ఆ చలికాలం ఇంకో జానెడు నూలుగుడ్డ దొరికుంటే, దాన్నీ నీమీదే అతికేసేది.