మకాం లెక్కకు రాని సర్వే

సంచార జాతుల ఇళ్ళ అవసరాన్ని మన ప్రభుత్వాలు కొలిచే పద్ధతిలోనే తిరకాసుంది. ఏ ఫారమైనా మొదట అడిగేది ఏ ఊరు, డోరు నెంబరెంత, రేషను కార్డుందా అని. 2022 దాకా విశాఖ జిల్లాలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న దేవరాపల్లి లాంటి మండలంలో, సంక్రాంతికి గుడారం వేసుకునే గంగిరెద్దులాయన దీనికేం చెప్తాడు? కొన్నాళ్ళిక్కడ, కొన్నాళ్ళు చోడవరం వైపు. స్థానికుడు కాదని రాసేస్తారు. మరెక్కడి స్థానికుడో ఎవడూ రాయడు.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళని లెక్కపెట్టడానికి దొరికింది ఒక్క రాత్రి, ఫిబ్రవరి 28. ఆ ఏడాదే మొదలైన సామాజిక ఆర్థిక కులగణన 2016లో గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనకి ఆధారమైంది. గూడు లేని కుటుంబాలకి అందులో ముందు వరస ఇచ్చారు, నిజమే. వరసలో నిలబడాలంటే ముందు పేరు పడాలి గదా! పేరు పడినా తిప్పలే. 2020 డిసెంబరులో రాష్ట్రం పల్లెల్లో కుటుంబానికి సెంటున్నర పంచింది. సెంటున్నరలో ఇల్లు కట్టుకుని ఎద్దునెక్కడ కట్టాలి?

ఇంగ్లండు 2004 హౌసింగ్ చట్టం జిప్సీలు, ట్రావెలర్ల వసతి అవసరాన్ని విడిగా లెక్కగట్టమని స్థానిక సంస్థల్ని ఆదేశించింది. ఇళ్ళే కాదు, బండి నిలిపే జాగాలెన్ని కావాలో అడిగారు. ఆ రాజ్యాన్ని మెచ్చుకోనక్కర్లేదు. 2015లో తిరగటం పూర్తిగా మానేసిన ముసలివాళ్ళని, జబ్బు మనుషుల్ని ప్రణాళికా విధానపు నిర్వచనం నుంచే తప్పించింది. 2016లో 2004 నాటి ఆ ప్రత్యేక నిబంధననీ ఎత్తేసింది. 2022లో అప్పీలు కోర్టు వివక్ష అన్నాకగాని, 2023లో నిర్వచనం మార్చలేదు. అయినా ఆ ప్రశ్న సరైన ప్రశ్న. మన దగ్గర అదీ లేదు.

మన దగ్గరున్నది 2022లో కేంద్రం తెచ్చిన సీడ్ పథకం. చదువు, వైద్య బీమా, జీవనోపాధి, ఇల్లు అన్నిటికీ కలిపి అయిదేళ్ళకి 200 కోట్లు. 2008లో రేణ్కే కమిషన్ వేసిన అంచనా ప్రకారం సంచార, విముక్త జాతుల జనం 10 కోట్లు పైనే. తలకి ఇరవై రూపాయలు కూడా రావు.

తప్పు ప్రభుత్వాలదే అనుకుంటే మనకీ హాయే. ఊరు, వాడ అని రెండు ముక్కలుగా గీసిన పటంతోనే దళిత అధ్యయనాలు ఇన్నాళ్ళూ నడిచాయి. వాడకైనా ఒక చోటుంది, మకాంకి అదీ లేదు. గంగిరెద్దులవాళ్ళు బీసీ, ఎరుకలు ఎస్టీ అని జాబితాలు విడదీస్తే, మనమూ ఆ జాబితాల వెంటే పోయాం. చెరువు గట్టు, తోపు, పోరంబోకు లేఔట్లయినప్పుడు పోయేది వాళ్ళ ఇల్లేనని మన వ్యాసాల్లో ఎక్కడ రాశాం?

ఇకనైనా సర్వేలో ఈ ప్రశ్నలు చేర్చమని పట్టుబట్టాలి: ఈ ఏడు ఎక్కడెక్కడ దిగారు? ఎన్నాళ్ళున్నారు? నీళ్ళెక్కడ తెచ్చుకున్నారు? ఎవరు లేపేశారు?