మీట నొక్కి వినే ఆట

చూపులేనివాళ్లు కంప్యూటర్‌లో గేమ్స్ ఆడతారంటే, తెర కనబడకుండా ఎట్లా అని అడుగుతారు. శబ్దాలు విని ఆడతారని చెబితే తృప్తిపడి ఊరుకుంటారు. ఆ జవాబు సగమే. వినడం ఒక్కటే అయితే రేడియో నాటకం కూడా ఆటే కావాలి. ఎప్పుడు వినాలో, దేన్ని వినాలో, ఎటు తిరిగి వినాలో ఆటగాడి వేళ్లు నిర్ణయించినప్పుడే అది ఆట అవుతుంది. శబ్దంతో నడిచే గేమ్‌లో మీటకు రెండు పనులు. ఒకటి కదలడం, రెండోది అడిగి తెలుసుకోవడం. ఈ రెండో పనిని పట్టించుకోకుండా చేసిన గేమ్‌లో ఎన్ని శబ్దాలు నింపినా చూపులేని ఆటగాడు శ్రోతగానే మిగిలిపోతాడని నా వాదన.

చెవి పనితీరులోనే దీనికి రుజువుంది. ఎడమవైపు నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు, కుడి చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పసిగడుతుంది. శబ్దం సరిగ్గా ముందు నుంచి వచ్చినా, సరిగ్గా వెనక నుంచి వచ్చినా రెండు చెవులకూ ఒకేసారి అందుతుంది. అప్పుడు ముందేదో వెనకేదో తేల్చుకోవడం కష్టం. మామూలు జీవితంలో తల కాస్త తిప్పితే తేలిపోతుంది. మామూలు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తలతోపాటు శబ్దం కూడా తిరుగుతుంది కాబట్టి ఆ దారి మూసుకుపోతుంది. ఆ పని అప్పుడు వేలు చేయాలి. కుడి బాణం మీట ఒక్కసారి తట్టి పాత్రను కొద్దిగా కుడికి తిప్పితే, శబ్దం ఎడమ చెవి వైపు జరిగిందంటే శత్రువు ముందున్నట్టు, కుడి చెవి వైపు జరిగిందంటే వెనకున్నట్టు. అనుభవమున్న ఆటగాడు ఆ తట్టుడు ఆలోచించకుండానే తడతాడు. ఇక్కడ కదలికే వినికిడి. అందుకే ఒక్కో తట్టుకు పాత్ర ఎంత తిరుగుతుందనేది చాలా పెద్ద విషయం. ఒకసారి కొంచెం, ఇంకోసారి ఎక్కువ తిరిగితే ఆటగాడి మనసులోని పటం చెదిరిపోతుంది.

చేతులకు కూడా ఆనవాళ్లు కావాలి. కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాలకు ఉండే చిన్న గీతలు వేళ్లకు దిక్కు చూపిస్తాయి. ఒక మీట నొక్కితే ప్రాణం ఎంత మిగిలిందో, ఇంకొకటి నొక్కితే ఎటు తిరిగి ఉన్నామో గేమ్ చెప్పాలి. చిక్కు ఏమిటంటే, తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు కూడా మీటల మీదే బతుకుతాయి. గేమ్‌కు కావలసిన మీటను స్క్రీన్ రీడర్ తన ఆజ్ఞగా తీసుకుంటే ఆట ఆగిపోతుంది. అందుకే ఎన్‌వీడీఏను నిద్రపుచ్చే ఏర్పాటు అందులోనే పెట్టారు. ఫోన్‌లోనూ ఇదే పేచీ. టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ నడుస్తుంటే వేలి స్పర్శ ముందు దానికే అందుతుంది, గేమ్ దాకా చేరదు. మీట నొక్కాక బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి వేగమైన ఆటకు వైరున్నదే మేలు.

ఆటగాడికి అడిగి తెలుసుకునే వీలు కావాలన్న సంగతిని పెద్ద కంపెనీలు కూడా ఈమధ్యే గుర్తించాయి. 2020లో వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’లో ఒక మీట నొక్కితే పాత్ర వెళ్లవలసిన దిక్కుకు తిరుగుతుంది. ఇంకొక ఏర్పాటుతో చుట్టూ శత్రువులున్నారో, వస్తువులున్నాయో శబ్దంతో వెతుక్కోవచ్చు. 2023 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 6’ ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నాడో శబ్దంతో తెలుపుతుంది. అదే ఏడాది వచ్చిన కారు పందేల గేమ్ ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్’ కోసం అమెరికాకు చెందిన చూపులేని గేమర్ బ్రాండన్ కోల్ సలహాదారుగా పనిచేశారు. అందులో రోడ్డు అంచు, మలుపు, గేరు దేనికది వేరే శబ్దం. దేన్ని పెంచాలో, దేన్ని తగ్గించాలో ఆడేవాళ్ల ఇష్టం. శబ్దాలు ఎక్కువైతే గందరగోళం కాదా అనేవాళ్లకు ఇదే జవాబు. గందరగోళం శబ్దాల లెక్కలో లేదు, వాటిని ఆపుకునే వీలు లేకపోవడంలో ఉంది.

ఇంత శ్రమ ఎందుకు, గేమే కారు నడిపి, గురి పెట్టి ఇస్తే సరిపోదా అన్నది ఇంకో అభ్యంతరం. మంచి మనసుతో అనే మాటే. కానీ గేమే గురి పెడితే గెలుపు ఎవరిది? మనకు తెలిసిన అంధుల క్రికెట్ చూడండి. బంతిలో ఇనుప గుండ్లు గలగలమంటాయి. బౌలర్ ‘రెడీ’ అని అడగాలి, బ్యాటర్ ‘యెస్’ అన్నాకే ‘ప్లే’ అంటూ బంతి వదలాలి. బ్యాట్ పట్టుకున్న మనిషి ఒప్పుకునేదాకా శబ్దం మొదలు కాకూడదన్నది ఆ నియమం. పూర్తిగా చూపులేని ఆటగాడి పరుగులు రెట్టింపు లెక్కిస్తారు, అయినా ఆ పరుగు కొట్టవలసింది మాత్రం అతనే. 2012లో బెంగళూరులో మొదటి అంధుల టీ20 ప్రపంచ కప్ భారత్ గెలిచింది. తర్వాత జట్టుకు నాయకత్వం వహించిన ఆంధ్రప్రదేశ్ ఆటగాడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డికి 2023 సంవత్సరానికి అర్జున అవార్డు దక్కింది. ఎవరో బ్యాట్ తిప్పిపెట్టి ఉంటే ఆ అవార్డుకు అర్థమే లేదు.

చదువు, ఉద్యోగం సంగతి చూడకుండా గేమ్స్ ఏమిటన్నది మూడో ప్రశ్న. కోస్గి లాంటి చిన్న ఊళ్లో ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. హైదరాబాద్ సుమారు నూరు కిలోమీటర్ల దూరం, చూపులేని పిల్లల ప్రత్యేక బడి కావాలంటే ఇల్లు విడిచిపోవాలి. అయితే చదువు దగ్గరా ఇదే అడ్డు చెప్పారు. బొమ్మలు, గ్రాఫులు కళ్లతో చూడవలసినవి కాబట్టి చూపులేనివాళ్లకు ఇంటర్‌లో సైన్స్ కుదరదన్నారు. చూపులేని బొల్లా శ్రీకాంత్ కోర్టుకెక్కి ఆ హక్కు సాధించి, అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. కళ్లకే పరిమితమని మనం అనుకున్నవి చాలా వరకు మన అలవాట్లే. పైగా గేమ్ ఆడుతూ మీటలు వెతక్కుండా నొక్కడం, వేగంగా పలికే గొంతును పట్టుకోవడం అబ్బిన పిల్లవాడికి స్క్రీన్ రీడర్‌తో పనిచేయడానికి కావలసినది సగం చేతికొచ్చినట్టే. కొలువుకు పనికొస్తుందని మాత్రమే ఆటను సమర్థించడం కూడా నాకు ఇష్టం లేదు. చూపున్న పిల్లల ఆటకు మనం ఆ లెక్క అడగం కదా.

తెలుగులో ఇలాంటి గేమ్ చేయడం ఖర్చుతో కూడిన పనని భయపడనక్కర్లేదు. ఆట నడిచేటప్పుడు మాటలు పెద్దగా పనికిరావు. ‘ఎడమవైపు శత్రువు’ అని పలికేలోపు దెబ్బ తగులుతుంది, చిన్న టిక్కుమనే శబ్దం అంతకన్నా ఎంతో ముందే ఆ కబురు అందిస్తుంది. ఆ టిక్కుకు భాష లేదు. తెలుగు కావలసింది మెనూకు, కథకు, నేర్పే పాఠానికి. ఇవి రాయడానికి మనుషులున్నారు, పలకడానికి గొంతులున్నాయి, ఎన్‌వీడీఏతో ఉచితంగా వచ్చే ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతు కూడా తెలుగు చదువుతుంది. హైదరాబాద్ గేమ్ స్టూడియోలు మెనూలోని మాటలను బొమ్మలుగా కాకుండా అక్షరాలుగా పెడితే స్క్రీన్ రీడర్ వాటిని చదవగలుగుతుంది. ఆ తర్వాత చూపులేని ఆటగాళ్లను చివర్లో పరీక్షకు కాకుండా మొదట్లోనే, ఏ మీటకు ఏ పని అని నిర్ణయించే రోజునే పిలవాలి.