నీడ చూశాకే మర తిప్పాలి

సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు. కంటికి కనిపించే ఆ బింబం వెడల్పు మాత్రం అర డిగ్రీ దాకానే. అంటే రెండు నిమిషాలకోసారి తన వెడల్పంత పక్కకు జరిగిపోతాడు. మేడ మీది సోలార్ డిష్ గురి చెదరడానికి అంత వ్యవధి చాలు. పైగా డిష్‌లో ఒక అద్దం ముక్క డిగ్రీ ఒరిగితే, దాని నుంచి తిరిగొచ్చే కిరణం రెండు డిగ్రీలు పక్కకు పోతుంది. చవక డిష్‌ల తయారీలో తెలివైన పని గురిని ఇంకా సన్నం చేయడం కాదు, వంట గిన్నెను దాని మీద పడే వెలుగు మచ్చ కంటే కాస్త పెద్దదిగా పెట్టడం. 1.4 మీటర్ల వ్యాసం ఉండే ఎస్‌కే-14 వంట డిష్ ఈ సర్దుబాటు మీదే నడుస్తుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి చేత్తో తిప్పితే సరిపోతుంది.

హైదరాబాద్ మాదాపూర్‌లోని హైటెక్ సిటీలో మొదటి చిక్కు గడియారంతోనే. మన దేశపు సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మాదాపూర్ 78.4 దగ్గర ఉంది. దీనికి భూమి నడకలోని హెచ్చుతగ్గులు తోడై, సూర్యుడు మధ్యాహ్నరేఖ దాటే వేళ నవంబరు మొదట్లో 12 గంటలైతే, ఫిబ్రవరి నడుమ సుమారు 12.30. డిష్‌ను తిప్పే మోటారుకు కార్తికంలో సరిచేసిన టైమర్‌ను మాఘం దాకా అలాగే వదిలేస్తే తేడా ఏడు డిగ్రీలు దాటుతుంది. తప్పు మోటారుది కాకపోయినా మొదట విప్పేది మోటారునే.

రెండో చిక్కు ఎండాకాలంలో. హైదరాబాద్‌లో నీడలేని రోజులు రెండు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఈ రెంటి మధ్య మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. దక్షిణానికి మాత్రమే వంగేలా బిగించిన స్టాండు ఆ రోజుల్లో మధ్యాహ్నం పనికిరాదు. అడ్డంగా ఒక ఇరుసు, నిలువుగా ఒక ఇరుసు ఉన్న స్టాండుకు ఇంకో కష్టం: సూర్యుడు నడినెత్తిన ఉన్న ఆ కాసేపట్లో తూర్పు నుంచి పడమటికి గిర్రున తిరగాలి. చిన్న మోటారుకు అది చేతకాదు. ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా, ఇక్కడైతే ఉత్తరానికి 17.4 డిగ్రీలు ఎత్తి పెడితే ఈ బాధ ఉండదు. తిప్పే వేగం రోజంతా ఒక్కటే.

షెఫ్లర్ అనే రకం డిష్‌ల పద్ధతి ఇదే. తిరుమలలో నిత్యాన్నదానం వంటకు 2002లో ఇలాంటివి 106 పెట్టారు. ఒక్కొక్కటి 9.2 చదరపు మీటర్లు, అన్నీ కలిసి 180 డిగ్రీల ఆవిరి ఇచ్చేలా అమర్చారు. రోజుకు 15 వేల మంది భోజనానికి సరిపడేలా వేసిన లెక్క అది. అక్కడి ఇరుసు వంపు 13.7 డిగ్రీలు, అదే కొలతతో మాదాపూర్‌లో బిగిస్తే ఇరుసు దాదాపు నాలుగు డిగ్రీలు తప్పినట్టే. షెఫ్లర్ డిష్‌లో నాభి, అంటే వెలుగు చేరే చోటు, కదలదు కాబట్టి రుతువును బట్టి పళ్లెం వంపునే మార్చాలి. రెండు మూడు రోజులకోసారి మర తిప్పే ఈ పనిని బద్ధకించిన చోట డిష్ అలంకారంగా మిగులుతుంది. తిరుమల ఏర్పాటులో మబ్బు రోజుల కోసం డీజిల్ బాయిలర్‌ను కూడా అదే ఆవిరి గొట్టానికి కలిపి ఉంచారు. అది ఓటమి కాదు, లెక్కలో భాగం.

మబ్బు వచ్చినప్పుడు వెలుగును వెతికే సెన్సర్లు మోసపోతాయి. సూర్యుడు చాటైతే మెరిసే మబ్బు అంచును పట్టుకుంటాయి. హైటెక్ సిటీలో అయితే ఎదుటి భవనం అద్దాల గోడలో మెరిసే సూర్యుణ్ణి కూడా పట్టుకోవచ్చు. అందుకే వెలుగు తగ్గగానే సెన్సర్‌ను పక్కనపెట్టి గడియారం లెక్కన నడిపించి, ఎండ తేరుకున్నాక మళ్లీ సెన్సర్‌కు అప్పగించడం మేలు.

సన్నని మబ్బు, శీతాకాలపు పొగమంచు, కొండరాళ్లు తొలిచే చోట లేచే దుమ్ము చేసే పని వేరు. అవి ఎండను చెదరగొడతాయి. చెదిరిన వెలుగును ఏ డిష్ కూడా ఒకచోట చేర్చలేదు. పరీక్ష చాలా సులువు: తెల్ల కాగితానికి ఒక జానెడు ఎత్తున అరచెయ్యి పట్టి చూడాలి. వేళ్ల నీడ అంచులు కత్తిరించినట్టు ఉండి, గిన్నె మీద వెలుగు మాత్రం చెదిరితే లోపం డిష్‌ది. నీడే అలికినట్టు ఉంటే లోపం ఆకాశానిది, ఆ పూట మర జోలికి పోకూడదు. బాగున్న డిష్‌లు పాడయ్యేది చాలావరకు ఇలాంటి పూటల్లోనే.

గాలి సంగతి తేలికగా తీసుకునేది కాదు. గంటకు 60 కిలోమీటర్ల గాలిదుమారం ఎదురుగా తగిలితే 1.4 మీటర్ల డిష్ మీద పడే తోపు సుమారు 30 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు నల్లగా కమ్మగానే డిష్‌ను ఆకాశానికి వెల్లకిలా పడుకోబెట్టి కట్టేయాలి. వేడి కూడా సన్నగా దెబ్బతీస్తుంది: 30 డిగ్రీలు పెరిగితే మీటరు అల్యూమినియం రేకు 0.7 మిల్లీమీటర్లు సాగుతుంది, కింది ఇనుప చట్రం అందులో సగమే. రివెట్ రంధ్రాలు కాస్త పొడుగ్గా లేకపోతే రేకు ఉబ్బుతుంది. ఇక బోరు నీళ్లతో కడిగితే అద్దాల మీద తెల్లని మరకలు తేలతాయి, వాన నీళ్లే మంచివి.

గురి సరిచేయడానికి తేటగా ఉన్న పొద్దుటి ఎండ అనువైనది. అద్దాలన్నిటికీ గుడ్డ కప్పి, ఒక్కొక్కటే తెరుస్తూ, దాని మచ్చను గిన్నె స్థానంలో పెట్టిన పలక మీది గుర్తుకు తేవాలి. ముదురు కళ్లద్దాలు తప్పనిసరి. పని ముగిశాక గుడ్డ మళ్లీ కప్పాలి, లేదంటే గురి లేకుండానే ఏదో ఒకటి కాలొచ్చు. 2013లో లండన్‌లో ఒక పుటాకారపు అద్దాల భవనం కింద ఆపిన కారు భాగాలు కరిగాయి. ఆ భవనం ఎవరూ గురిపెట్టింది కాదు. మృగశిర దాటి ముసురు పట్టాక డిష్‌ను బోర్లా తిప్పి, దాన్ని తిప్పే గొలుసుకు గ్రీజు పూసి వదిలేస్తారు.