కొట్టుకుపోయిన మన్ను ఎక్కడికి పోయినది?

మన దేశంలో వర్షపు కోతకు ఏటా 533 కోట్ల 40 లక్షల టన్నుల మన్ను పోతున్నదని తరచు చదువుతుంటాం. ఇది 1983లో ధ్రువనారాయణ, రాంబాబు ప్రకటించిన అంచనా. అంకె ప్రసిద్ధికెక్కినది గాని, దాని వెంట వారు చెప్పిన మాట మరుగున పడినది. ఆ మన్నులో సముద్రం పాలయ్యేది 29 శాతమే. 10 శాతం జలాశయాలలో పూడికగా చేరుతుంది. తక్కిన 61 శాతం ఒకచోటినుండి మరొకచోటికి జరుగుతుంది, అంతే.

ఈ పొరపాటుకు మూలం కొలతలో ఉన్నది. నేలకోతను లెక్కించుటకు ఎక్కువగా వాడే సూత్రాన్ని అమెరికాలో విష్‌మయర్, స్మిత్ 1965లో వెలువరించారు. దానికి ప్రమాణం 22.1 మీటర్ల పొడవు, 9 శాతం వాలు గల చిన్న మడి. మడి దాటిన మన్నంతా నదిని చేరదు; గట్లవద్ద, పల్లపు పొలాలలో, చెరువులలో ఆగిపోతుంది. కనుక వైశాల్యం పెరిగినకొద్దీ హెక్టారు ఒక్కింటికి బయటపడే మన్ను సాధారణంగా తగ్గుతుంది. అయితే ఇదీ అన్నిచోట్ల చెల్లదు. చంబల్ తీరపు లోతైన కోతలవంటివి, ఏటి ఒడ్డులు విరిగిపడుట చిన్న మడిలో కానరావు. అట్టిచోట్ల పెద్ద ప్రాంతమే ఎక్కువ మన్ను ఇయ్యవచ్చును. సూత్రపు దుర్వినియోగాన్ని గురించి విష్‌మయరే 1976లో హెచ్చరించారు.

అట్లని కోత స్వల్పమని కాదు. తన మన్ను సముద్రం చేరలేదన్నమాట మెరకపొలం రైతుకు ఓదార్పు కాజాలదు. అతనికి కావలసినది మడి లెక్క. ఆనకట్ట ఇంజనీరుకు కావలసినది నది లెక్క. ఒకే అంకె ఇద్దరికీ జవాబు కాదు. ఉపాధ్యాయులు ఈ అంకెను నల్లబల్లపై వ్రాసినప్పుడు, ఎంత నేలపై, ఎక్కడ నిలిచి కొలిచినదో కూడ చెప్పుట అవసరం.