ఆరున్నర భోజనం

ఆమె ఫైల్లో ఒక మాట పదేపదే కనిపించేది: 'రాత్రి అన్నం తినదు. మొండితనం.' వయసు ముప్పై దాటింది. సెరిబ్రల్ పాల్సీ. మాటలు లేవు. తండ్రి పోయాక మా వసతి గృహానికి వచ్చింది. డాక్టరు పరీక్షలు చేసి టానిక్ రాశారు. మేం బతిమాలి, ఒక్కోసారి గద్దించి ముద్దలు పెట్టేవాళ్లం.

పండక్కి ఆమెని చూడటానికొచ్చిన వాళ్ల చిన్నమ్మని అడిగాను, ఇంట్లో ఎప్పుడు తినేదని. "వాళ్ల నాన్న డ్యూటీ దిగి తొమ్మిదింటికి వచ్చేదాకా ముద్ద ముట్టేది కాదండీ. ఇద్దరూ కలిసే తినేవాళ్లు" అందామె.

మా దగ్గర భోజనం ఆరున్నరకి. ఏడింటికి ఆయాల షిఫ్టు మారుతుంది కాబట్టి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఫారంలో మనిషికి ఏం చేతకాదో రాయడానికి పేజీలున్నాయి. ఏమిష్టమో రాయడానికి ఒక్క గడి లేదు. మనిషి ఇష్టాన్ని కేంద్రంగా పెట్టుకుని ప్రణాళిక వేసే పద్ధతికి అమెరికాలో బాట వేసినవారిలో ఒకరైన మైకేల్ స్మల్ రెండు ప్రశ్నల్ని విడదీసి చూడమంటారు: ఈ మనిషి దేన్ని ముఖ్యమనుకుంటారు? వారి క్షేమానికి ఏది ముఖ్యం? మేం రెండోదే పట్టుకుని కూర్చున్నాం.

అవునంటే ఆమె కళ్లు పైకెత్తుతుంది. కాదంటే మొహం తిప్పుకుంటుంది. ఈ సంగతి ఆయాలకి తెలుసు, ఫైలుకి తెలియదు. "తొమ్మిదింటికి తింటావామ్మా?" అన్నాను. కళ్లు పైకెత్తింది.

వంట, మందుల వేళ, డ్యూటీ చార్టు మార్చడానికి రెండు వారాలు పట్టింది. అయినా సగమే తినేది. ఒకరోజు రాత్రి ఆయా తన కేరియర్ తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఆ రోజు కంచం ఖాళీ అయింది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 5వ సెక్షన్ వారికి సమాజంలో బతికే హక్కు ఇచ్చింది. ఫలానా వసతిలోనే ఉండాలన్న నిర్బంధం లేకుండా చూసేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలంది. అన్నం వేళే అడగని మేం, ఎక్కడ ఉంటావని ఎలా అడుగుతాం?

ఇప్పుడు అడగాలి: ఇక్కడే ఉంటావా, చిన్నమ్మ దగ్గరికి వెళ్తావా? ఆమె కళ్లు పైకెత్తితే మా చేతిలో ఏర్పాటు ఉండాలి. అందుకే చిన్నమ్మ వాళ్ల ఊరికి ఫిజియోథెరపీ ఎంత దూరమో, పగటిపూట సాయానికి ఎవరు వస్తారో, వాకిలి మెట్ల పక్కన ర్యాంపుకి చోటుందో లేదో చిన్నమ్మతో కలిసి కనుక్కుంటున్నాం.