ఎవరి గోనెపట్ట వాళ్లే తెచ్చుకోవాలా?

బడికి వెబ్‌సైట్ ఎట్లా పెట్టుకోవాలి, ఆన్‌లైన్ పాఠాలకు ఏ ప్లాట్‌ఫాం ఎంచుకోవాలి అని చెప్పే పుస్తకాలు, కరపత్రాలు, శిక్షణ శిబిరాల నోట్సులు ఈ పదేళ్లలో చాలా వచ్చాయి. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ధర ఎంత, వాడటం తేలికా, పరీక్ష పెట్టొచ్చా, హాజరు వేయొచ్చా, తల్లిదండ్రులకు మెసేజి పోతుందా - ఇవీ వాటి కొలతలు. ఈ కొలతలు తప్పని నేననను. కానీ ఈ కొలతలు పెట్టినవాడు ఏ ఇంట్లో కూచుని పెట్టాడు? ఆ ఇంట్లో ఎన్ని గదులు, ఎన్ని ఫోన్లు? ఇట్లా అడగ్గానే 'టెక్నాలజీకి కులమేమిటండీ' అంటారు. సాహిత్యానికి కులమేమిటి అన్నవాళ్లే, యూనివర్సిటీకి కులమేమిటి అన్నవాళ్లే ఇప్పుడు ఈ మాటా అంటున్నారు.

సతారా బడిలో అంబేద్కర్ ఎక్కడ కూచున్నాడో మనకందరికీ తెలుసు. తరగతిలో ఓ మూల, విడిగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద. ఆ పట్టను సాయంత్రం మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. ఎందుకంటే బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు. ఇది ఆయన స్వయంగా రాసుకున్న సంగతి. బడి ఆయన్ను చేర్చుకుంది, రిజిస్టరులో పేరుంది, మాస్టరు పాఠం చెప్పాడు. కానీ కూచునే చోటు మాత్రం బడి ఇవ్వలేదు, ఆయనే తెచ్చుకోవాలి. 2020లో బడులు మూసి 'ఆన్‌లైన్‌లో చదువుకోండి' అన్నప్పుడు జరిగింది అచ్చంగా ఇదే. పాఠం సర్కారుది, ఫోను నీది, రీచార్జి నీది, సిగ్నల్ కోసం ఎక్కే గుట్ట నీది.

లెక్కలు లేవని ఎవరూ తప్పించుకోలేరు. కరోనాకు ముందే, 2017-18 జాతీయ నమూనా సర్వే (75వ విడత) గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం అని చెప్పింది. ఈ లెక్క సర్కారు చేతిలో ఉండగానే ఆన్‌లైన్ చదువు మొదలైంది. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా బృందం 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేదింటి పిల్లలను కలిసి అడిగింది. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్లో చదువుతున్నది 8 శాతం. అందులో దళిత, ఆదివాసీ పిల్లలను విడిగా తీస్తే 4 శాతం, మిగతా కులాల పిల్లల్లో 15 శాతం. గమనించండి, ఇవి పేదింటి పిల్లల మధ్య పోలికలు. ఒకే పల్లె పేదరికంలో కూడా ఊరికీ వాడకీ మధ్య ఇంత తేడా ఉంది. 'పేదరికమే సమస్య, కులం కాదు' అనే మన వామపక్ష మిత్రులు ఈ రెండంకెల ముందు కాసేపు ఆగాలి. ఆ సర్వేలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు, అది వేరే విచారం.

ఎంపిక బాగుంటే చాలు అనేవాళ్లకు కేరళను గుర్తు చేయాలి. ఆ రాష్ట్రం ప్రైవేటు యాప్ జోలికి పోకుండా సర్కారు విద్యా చానల్ విక్టర్స్‌ను ఎంచుకుంది. దేశంలో అంతకన్నా మంచి ఎంపిక ఆ రోజుల్లో లేదనే అంటాను. 2020 జూన్ 1న పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది. స్మార్ట్‌ఫోను లేదు. తండ్రి కూలి మనిషి, రిపేరుకు డబ్బుల్లేవు. ఆ పిల్ల బాగా చదివేది. చదువంటే ఇష్టం లేని పిల్లకు పాఠం పోతే ఏమవుతుంది? ఇష్టమున్న పిల్లకే అది ప్రాణం మీదికొచ్చింది.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వేశారు. టీవీ పాఠానికి లాగిన్ అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, డేటా ఖర్చు లేదు. ఇది మెచ్చుకోవాల్సిందే. కానీ టీవీ చెప్పేదే తప్ప వినేది కాదు. పిల్ల చేయెత్తితే చూసే కన్ను దానికి లేదు. మా వాడలో ఒకామె నాతో అన్న మాట: 'టీవీల సారు మస్తు చెప్తుండు బిడ్డా, గని మా పోరడు సమజ్ కాలేదంటె ఆ సారుకు ఇనబడతదా?' ప్లాట్‌ఫాంల మీద నేను చదివిన విమర్శల్లో ఇంత సూటిదాన్ని చూడలేదు.

ఆంధ్రప్రదేశ్‌ది ఇంకో కథ. 2022 జూన్‌లో అక్కడి ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ఆ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబులను పంచింది. మొత్తం ఐదు లక్షలకు పైగా. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ట్యాబు పిల్లదే అయింది, పాఠం అందులోనే ఉంది, సిగ్నల్ కోసం దేవులాడే పని లేదు. అంటే గోనెపట్ట బడే ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు, దీన్ని వెక్కిరించిన పత్రికల పిల్లలకు అప్పటికే రెండేసి ట్యాబులున్నాయి. అయితే ఆ పాఠాన్ని దిద్దే హక్కు టీచరుకు లేదు, తన ఊరి ఉదాహరణ చేర్చే వీలు లేదు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. డబ్బున్న తల్లిదండ్రులు ఇంకో కోచింగ్‌కు పోతారు. సర్కారు బడి పిల్ల మాత్రం ఎవరో ఎంచిన దాని మీద, ఎవరో మూసిన దాని మీద ఆధారపడి ఉంటుంది. ఒక్క కంపెనీ బాగోగుల మీద లక్షల మంది పిల్లల పాఠాన్ని నిలబెట్టొచ్చా? ఎంపిక చేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. 'కంపెనీ రేపు లేకపోతే పాఠం ఎవరి చేతిలో ఉంటుంది?' నేను చూసిన ఏ నోట్సులోనూ ఈ ప్రశ్న లేదు.

ఇక ఎవరూ మాట్లాడనివి కొన్ని ఉన్నాయి. ఈ యాప్‌లలో కొన్ని 'మొదటి పేరు, చివరి పేరు' అని రెండు గళ్లు పెడతాయి. మనకు చివరి పేరు అంటే ఇంటిపేరు. ఇంటిపేరు చెప్తే ఊళ్లో సగం సంగతి చెప్పినట్టే. తరగతిలో టీచరు పేరు పెట్టి పిలిచినప్పుడు దాగిన సంగతి తెర మీద ప్రతి పిల్ల ఫొటో కింద అచ్చై కనబడుతుంది. అమెరికాలో గీసిన గడికి ఇక్కడ ఏమర్థమో గీసినవాడికి తెలియదు. కానీ ఇక్కడ దాన్ని కొన్నవాళ్లకు తెలుసు కదా? కెమెరా సంగతీ అంతే. 'కెమెరా ఆన్ చేయండి' అంటే, ఒక పిల్ల వెనక పుస్తకాల అలమర, ఇంకో పిల్ల వెనక రేకుల కప్పు, దండెం మీది బట్టలు. నా చదువంతా హాస్టళ్లలో గడిచింది. నా ఇల్లు ఎట్లుంటదో నా క్లాసువాళ్లకు డిగ్రీ దాకా తెలియనివ్వలేదు. ఆ దాచుకునే హక్కు ఇప్పటి పిల్లకు లేకుండా పోయింది.

స్కాలర్‌షిప్ కోసం, యూ-డైస్ కోసం కులం గడి ఉండాలి, అది మన హక్కుకు ఆధారం. కానీ అదే జాబితాను క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేసిన బడిని నేను చూశాను. 'ఎస్సీ' అన్న కాలమ్‌తో సహా, పిల్లలందరి ముందు. అడిగితే 'పొరపాటున పోయింది సార్' అన్నారు. వాట్సాప్ పాఠం చెప్పే ప్లాట్‌ఫాం కాదు, కానీ బీద బడులకు దిక్కైంది అదే. ఆ గ్రూపులో ఆడపిల్ల ఇంటి నంబరు అందరికీ కనబడుతుంది. రాత్రి ఫోన్లు వచ్చాక చదువు మానిపించిన తండ్రిని తప్పుపడతామా, ఆ గ్రూపు పెట్టినవాళ్లనా?

సర్కారుదైతే భద్రం అనుకోవద్దు. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్షా ప్లాట్‌ఫాం మంచి ఆలోచనే. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ కొడితే ఆ పాఠం తెరుచుకుంటుంది. సన్‌బర్డ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ మీద కట్టారు, ఏ కంపెనీకీ తాళం ఇవ్వలేదు. అయినా పిల్లలు ఉన్న చోటును ఆ యాప్ సేకరిస్తోందని 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. పది లక్షల మందికి పైగా టీచర్ల పేర్లు, ఫోను నంబర్లు, దాదాపు ఆరు లక్షల మంది విద్యార్థుల వివరాలు తాళం లేని సర్వర్లో ఏడాదికి పైగా పడి ఉన్నాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక రాసింది. అదే ఏడు వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఇంగ్లీషులో ఉన్న నలభై పేజీల షరతుల కింద వేలిముద్ర మనుషుల చేత 'ఒప్పుకున్నాం' నొక్కించడమేనా ఆ అనుమతి?

మరి ఏది ఎంచుకోవాలి? విమర్శ రాసి తప్పుకోవడం అగ్రవర్ణ పండితుల అలవాటు, మనకు వద్దు. మూడింటి గురించి చెప్తాను. గూగుల్ క్లాస్‌రూమ్ తేలిక, డబ్బడగదు, టీచరు ఒక్క పూటలో నేర్చుకుంటారు. కానీ నెట్ లేని చోట అది ఉత్త తలుపే, పైగా మన పిల్లల ఖాతాలన్నీ ఒక కంపెనీ ఇంట్లో ఉంటాయి. మూడుల్ 2002 నాటిది, బహిరంగం, ఎవరైనా దింపుకుని తమ సర్వర్లో పెట్టుకోవచ్చు. దాన్ని తయారుచేసిన మార్టిన్ డూగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో పెరిగి, రేడియోలో నడిచే బడిలో చదివాడు. దూరం ఏమిటో తెలిసినవాడు చేసిన పని అని దాంట్లో తెలుస్తుంది. అయితే అతని దూరం మైళ్లలో ఉండేది, మన దూరం ఊరి చివర మొదలవుతుంది. మూడుల్ ఉచితమే గానీ ఊరికే రాదు. సర్వర్ అద్దె, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఒక్కో బడి మోయలేదు, గురుకుల సొసైటీ స్థాయిలో అయితే మోయొచ్చు. కోలిబ్రి అని ఇంకోటుంది. ఒక చిన్న కంప్యూటర్‌లో పాఠాలు దింపి బడిలో పెడితే, నెట్ లేకుండానే గదిలోని ట్యాబులన్నీ దాన్ని అందుకుంటాయి. మెనూలు తెలుగులోనూ వస్తాయి. మన పాఠం మనమే తయారుచేసి చేర్చొచ్చు. మాదిగ డప్పు మీద పాఠం, మాల జానపదుల కథ, చెరువు కింద కూలి లెక్క, ఏదైనా. నా ఓటు దీనికే, ఎందుకంటే ఇది ఉండేది పిల్లల ఇంట్లో కాదు, బడిలో. ఇంట్లో లేనిదాన్ని ఇవ్వడానికే కదా బడి ఉన్నది? 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు ఇసామియా బజారులో బడి పెట్టింది 'మీ ఇళ్లలో చదువుకోండి' అని చెప్పడానికి కాదు.

మనవాళ్ల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. 'ఇంగ్లీషు మీడియం వద్దన్నవాళ్ల మాదిరి ఇప్పుడు నువ్వు యాప్ వద్దంటున్నవా? వాళ్ల పిల్లలకు కొత్తది, మన పిల్లలకు పాతదా?' న్యాయమైన కోపం. నేను వద్దనడం లేదు. ట్యాబు ఇవ్వండి, నెట్ ఇవ్వండి, రెండూ సర్కారు ఖర్చు మీద ఇవ్వండి. ఎంచేటప్పుడు ఆ గదిలో మన టీచరును, మన తల్లిని కూచోబెట్టండి అంటున్నాను.

వెబ్‌సైట్ గురించి నాకు ఓ చేదు అనుభవం ఉంది. నేను కొన్నాళ్లు సాయం చేసిన ఒక హాస్టల్ బడికి బయటి వ్యాపారి సైట్ కట్టిచ్చాడు. పేరు అతని పేరు మీదే రిజిస్టరు చేశాడు, పాస్‌వర్డులు అతని దగ్గరే. రెండో ఏడు రెన్యువల్ డబ్బు అడిగాడు, బిల్లు పాసు కాలేదు, సైట్ పోయింది. పాత విద్యార్థుల ఫొటోలు, ఎవరెవరు ఏ ఉద్యోగాల్లో ఉన్నారన్న జాబితా, పిల్లలు రాసిన కథలు అన్నీ దాంతోనే పోయాయి. నిజానికి ఆ సైట్ మొదటి పేజీ నిండా ముఖ్య అతిథుల శాలువాలే ఉండేవి. అడ్మిషన్ ఎప్పుడు, ఏ కాగితాలు తేవాలి అన్నది మాత్రం ఇంగ్లీషులో, స్కాన్ చేసిన బొమ్మగా ఒక మూల ఉండేది. ఫోనులో చదివించి వినే తల్లికి ఆ బొమ్మ చదవబడదు.

ఈసారి ఆ బడి కమిటీలో కొత్త సైట్ మాట వచ్చినప్పుడు పేరు బడి పేరు మీదే ఉండాలని, పాస్‌వర్డులు హెడ్‌మాస్టరు బీరువాలో రాసిపెట్టాలని, అడ్మిషన్ సంగతులు మొదటి పేజీలో తెలుగు అక్షరాల్లో ఉండాలని తీర్మానం రాశాం. వంటచేసే అక్క కూడా కమిటీలో ఉంది. అంతా విని, 'పిల్లల ఫొటోలు పెడ్తె ఇంటిపేర్లు పెట్టకుండ్రి సార్' అన్నది. అది తీర్మానంలో నాలుగోదిగా చేరింది. బిల్లు ఇంకా పాసు కాలేదు.