తిప్పడం వేరు, బోర్లించడం వేరు

కరీంనగర్ వెండి ఫిలిగ్రీని మెచ్చుకునేవాళ్లంతా దాని నాజూకుతనం గురించే మాట్లాడతారు. లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, నాకు అందులో జ్యామితి కనిపిస్తుంది. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో ముందు మందపు తీగతో చట్రం కడతారు. సన్నని వెండి తీగను మెలిపెట్టి, సుడులు చుట్టి, ఆ ఖాళీల్లో నింపి అతికిస్తారు.

ఆ సుడినే చూడండి. కుడికి తిరిగే సుడిని బల్ల మీద ఎంత తిప్పినా కుడి సుడిగానే ఉంటుంది. ఎత్తి బోర్లిస్తే ఎడమ సుడి అవుతుంది. ఏడో తరగతి పాఠంలోని రెండు సౌష్ఠవాలకూ తేడా అంతా ఇక్కడే ఉంది. తిప్పితే కలిసేది భ్రమణ సౌష్ఠవం, బోర్లిస్తే కలిసేది రేఖా సౌష్ఠవం.

మామిడిపిందె నగిషీ ఒక్కటే ఉంటే ఈ రెండూ ఉండవు. పక్కన దాన్నే బోర్లించి పెడితే జంటకు నడుమ అద్దం గీత వస్తుంది. బోర్లించకుండా అరచుట్టు తిప్పి పెడితే భ్రమణం వస్తుంది, అద్దం గీత రాదు.

పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. సమాంతర చతుర్భుజాన్ని కర్ణం వెంట మడిస్తే కలుస్తుందనుకుంటారు. మామూలు సమాంతర చతుర్భుజం అలా కలవదు, 180 డిగ్రీలు తిప్పితేనే కలుస్తుంది. సమద్విబాహు త్రిభుజం మడిస్తే కలుస్తుంది, తిప్పితే పూర్తి చుట్టు తిరిగాకే. చతురస్రానికి రెండూ ఉన్నాయి: నాలుగు గీతలు, 90 డిగ్రీలకొక కలయిక.

2023లో ఢిల్లీ జీ20 సదస్సు అతిథుల కోసం కరీంనగర్ కళాకారులు అశోకచక్రం బ్యాడ్జీలు చేశారు. 24 ఆకుల చక్రం 15 డిగ్రీలు తిరిగితే చాలు, మళ్లీ తనలాగే ఉంటుంది. ఒక్క ఆకు పక్కకు జరిగినా చూసే కన్ను పట్టేస్తుంది.

మన వాకిళ్లలోనూ ఈ పాఠం ఉంది. స్వస్తిక్ ముగ్గు పావు చుట్టుకు కలుస్తుంది, అద్దంలో మాత్రం దాని చేతులు ఎదురు తిరుగుతాయి. తీగను ఎత్తి బోర్లించవచ్చు, ముగ్గును ఎత్తలేం. అందుకే ముగ్గు వేసే చేతికి రెండు వైపులా తిరగడం రావాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లోని లెక్కల మాస్టార్లకు నా మనవి ఒక్కటే. ఈ పాఠం వచ్చిన రోజు నిర్వచనాలు బోర్డు మీద రాయకముందే ప్రతి పిల్లాడి చేతికీ, పిల్ల చేతికీ జానెడు రాగి తీగ ఇవ్వండి. సుడి చుట్టనివ్వండి, తిప్పనివ్వండి, బోర్లించనివ్వండి. నిర్వచనం ఆ తర్వాత వాళ్లే చెప్తారు.